అంకె పక్కన ఏముంది?

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ఇంజనీర్స్ డే కాబట్టి విశ్వేశ్వరయ్య గారి గురించి మాట్లాడమన్నారు. ఆయన గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడే ఉన్నారు. నేను క్యూసెక్కుల గురించి చెబుతాను.

పాలు లీటర్లలో కొంటాం, పెట్రోలు లీటర్లలో కొట్టించుకుంటాం. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది. నదుల దగ్గర మాత్రం ఇంకా అడుగుల లెక్కే. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే క్యూసెక్కు, అంటే 28.3 లీటర్లు. మీ హాస్టల్లో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉంటుంది కదా, సెకనుకు దాదాపు ఒకటిన్నర క్యాన్ అన్నమాట. ఆ ఒక్క క్యూసెక్కు పన్నెండు గంటలు పారితే ఎకరం చేలో ఇంచుమించు అడుగు లోతు నీళ్ళు. 11,574 క్యూసెక్కులు రోజంతా వస్తే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, ఇంచుమించు 2,832 కోట్ల లీటర్లు.

సరే, ఇవన్నీ మీకు ఫోన్లోనే దొరుకుతాయి. దొరకనిది చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి గట్టు మీద ఒక సెక్షన్ ఆఫీసులో రాత్రి డ్యూటీ. కరెంటు లేదు, లాంతరు వెలుగు. నది ఎగువ నుంచి ఫోన్ వచ్చింది. వానహోరులో ‘28,300’ అన్నది ఒక్కటే వినబడింది. రిజిస్టర్లో అదే రాశాను. ఇరవై ఎనిమిది వేలే కదా, గోదావరికి అదేం లెక్క అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను.

పావుగంటకు మా పై ఇంజనీరు, డీఈ గారు ఫోన్ చేశారు. అంకె చెప్పాను.

“ఏం ఇరవై ఎనిమిది వేలయ్యా? క్యూసెక్కులా, క్యూమెక్కులా?”

నోట మాట రాలేదు. కేంద్ర జలసంఘం సెకనుకు ఇన్ని ఘనపు మీటర్లని చెబుతుంది, అవే క్యూమెక్కులు. ఒక క్యూమెక్కుకు 35.315 క్యూసెక్కులు. హెచ్చవేసి చూడండి, కావాలంటే ఇప్పుడే. పది లక్షలకు ఓ ఆరు వందలు తక్కువ. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక! నది మధ్య లంకల్లో జనం నిద్రపోతున్నారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే ఉన్నాయి. నేను కుర్చీలో ఉన్నాను.

గట్టు కాపలా చూసే లస్కరును లేపి సైకిల్ మీద పంపాను. పడవలు కదిలాయి, జనం గట్టెక్కారు. ఆ పావుగంట గురించి నన్నెవరూ ఏమీ అనలేదు. నేనే మరిచిపోలేకపోతున్నాను.

విశ్వేశ్వరయ్య గారి గురించి కూడా నాలుగు మాటలు రాసుకొచ్చాను, ఆ కాగితం నిర్వాహకులకు ఇచ్చేస్తాను. మీ హైడ్రాలిక్స్ రికార్డులు సంచుల్లో ఉన్నాయి కదా? తీయండి బాబూ, వెనక వరుసవాళ్ళు కూడా. అంకె పక్కన ఖాళీ వదిలిన చోటల్లా లీటర్లో, క్యూసెక్కులో, ఏదైతే అది ఇప్పుడే రాయండి. నేను కిందికి దిగి వస్తున్నాను. పెన్ను లేనివాళ్ళు చెయ్యెత్తండి, నా దగ్గర రెండున్నాయి.