విశాఖలో మనకు గది దొరుకుతుందా?

శ్రోతలందరికీ నమస్కారం. ఒడిశాలో రాయగడ, కొరాపుట్, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లకు రాజధాని భువనేశ్వరమే అయినా, ఏ పని పడినా ముందు గుర్తొచ్చేది విశాఖపట్నం. పెళ్లి బట్టలకు, పిల్లల కాలేజీలకు, అన్నిటికంటే ముఖ్యంగా ఆసుపత్రులకు అక్కడికే పరిగెడతాం. అందుకే అక్కడి హోటళ్ల వ్యాపారం రాబోయే నాలుగైదేళ్లలో ఎటు వెళ్తుందో మనమూ తెలుసుకోవాలి.

హోటలు లెక్క కొంచెం వేరు. ఈ రాత్రి ఖాళీగా ఉండిపోయిన గదిని రేపు అమ్ముకోలేరు, దాని మీద రావలసిన డబ్బు పోయినట్టే. వంద గదుల హోటల్లో అరవై నిండాయనుకోండి. గదికి 3,000 రూపాయలైతే ఆ రోజు వచ్చింది 1,80,000. దాన్ని మొత్తం వంద గదులకూ పంచితే గదికి 1,800. యజమాని, అప్పిచ్చిన బ్యాంకు చూసేది ఈ 1,800నే. బోర్డు మీద రాసిన రేటును కాదు.

ఈ విషయంలో విశాఖకు మంచి అనుకూలత ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పోర్టు, స్టీలు ప్లాంటు, నేవీ, మందుల కంపెనీల పనుల మీద వచ్చేవాళ్లుంటారు. శని, ఆదివారాల్లో బీచికీ అరకుకీ వెళ్లే కుటుంబాలు దిగుతాయి. వారమంతా ఏదో ఒక గిరాకీ ఉంటుంది. 2025లోనే జూన్ 21న యోగా దినోత్సవం, నవంబరులో పరిశ్రమల సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సు అక్కడ జరిగాయి. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో డేటా సెంటరుకు, అంటే వేల కంప్యూటర్లు నడిచే కేంద్రానికి, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయం కట్టే పని చేపట్టారు. ఇన్ని చూశాక పెద్ద హోటలు కంపెనీలు అటు చూడకుండా ఉంటాయా?

అయినా నాకొక అనుమానం ఉంది. డేటా సెంటరు కట్టేటప్పుడు ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు వేలల్లో వస్తారు. కట్టడం అయిపోయాక దాన్ని నడపడానికి కావలసినవాళ్లు చాలా తక్కువ. హోటలు కట్టి తలుపులు తెరవడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ సందడి చూసి ఇవాళ పునాది వేసినవాళ్లకు, తలుపులు తెరిచేసరికి సందడి సగం తగ్గి ఉండవచ్చు. సదస్సు జరిగే రెండు రోజులు గది దొరకదు, నిజమే. కానీ ఆ రెండు రోజులను నమ్ముకుని హోటలు కట్టకూడదు.

మన బాధ ఇంకో రకం. బీచి రోడ్డులో స్థలం ధర మండిపోతుంటే, అక్కడ కట్టేవాడు 8,000 రూపాయల గదులే కడతాడు, 900 రూపాయల గది కట్టడు. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, అగనంపూడిలోని టాటా క్యాన్సర్ ఆసుపత్రికో రోగిని తీసుకెళ్లిన కుటుంబం మాటేమిటి? తెల్లవారుజామున రైలు దిగుతారు. ఒక చేతిలో ఎక్స్‌రేల కవరు, ఇంకో చేతిలో దుప్పటి, ఫ్లాస్కు ఉన్న సంచి. లాడ్జి కౌంటరు దగ్గర వాళ్లడిగే మొదటి మాట, "బాబూ, ఇరవై నాలుగు గంటలేనా?" అని. ఎందుకంటే మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయాలనే హోటల్లో తెల్లారి నాలుగింటికి దిగితే రెండు రోజుల అద్దె కట్టాల్సి వస్తుంది. పాత లాడ్జీల్లో ఉన్న ఈ ఇరవై నాలుగు గంటల పద్ధతి మనలాంటి రైలు ప్రయాణికులకు ఎంత మేలో చెప్పలేను. ఆ లాడ్జీలు ఒక్కొక్కటే పడిపోయి, వాటి చోట ఖరీదైన హోటళ్లు లేస్తే నగరంలో గదుల సంఖ్య పెరుగుతుంది గాని, మనకు దొరికేవి తగ్గుతాయి.

పన్ను సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 3,000 రూపాయల గదికి 210 రూపాయలు మిగులుతాయి. బిల్లులో 12 శాతం కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. అయితే యజమాని తాను కొన్నవాటి మీద కట్టిన పన్నును ఇప్పుడు వెనక్కి తీసుకోలేడు. ఆ భారం మెల్లగా అద్దెలోకి ఎక్కే అవకాశమూ ఉంది.

మన పిల్లలకు ఇందులో దారి ఉంది. తెలుగు, ఒడియా, హిందీ మూడూ తడుముకోకుండా మాట్లాడే కుర్రాళ్లు హోటలు కౌంటరుకు దొరకడం కష్టం. ప్లస్ టూ అయినవాళ్లు హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ ప్రవేశ పరీక్ష రాస్తే, భువనేశ్వర్‌లోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

విశాఖ పెద్దలకు ఈ రేడియో ద్వారా ఒక మనవి. భోగాపురం రోడ్డులోనూ, ఆసుపత్రుల చుట్టుపక్కలా హోటళ్లకు స్థలాలు ఇచ్చేటప్పుడు, రోగుల వెంట వచ్చేవాళ్లకు తక్కువ అద్దెకు కొన్ని గదులు, ఒక డార్మిటరీ, వంట చేసుకునే చోటు ఉండాలన్న షరతు ముందే పెట్టండి. కట్టేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు. నమస్కారం.