విత్తనం మూడిళ్లలో ఉండాలి

సభకు నమస్కారం. రోహిణి కార్తె ఎండను కూడా లెక్కచేయకుండా ఇంట్లో దాచుకున్న గింజలను పొట్లాలు కట్టి తెచ్చిన అక్కచెల్లెళ్లకు, తిరుపతిలో మిద్దె తోటలు పెంచుతున్న మిత్రులకు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతులకు నా కృతజ్ఞతలు. మృగశిర దగ్గరపడింది. మొదటి పదునుకు చేతిలో విత్తనం సిద్ధంగా ఉండాలి కనుక, విత్తనాన్ని ఎలా పంచుకోవాలి, పంచుకునే ముందు దాన్ని ఎలా పరీక్షించుకోవాలి అన్న రెండు విషయాలకే ఈ ప్రసంగాన్ని పరిమితం చేస్తాను.

మా ఇంటి అనప విత్తనంతో మొదలుపెడతాను. చిత్తూరు సీమలో పుట్టినవారికి అనపకాయను పరిచయం చేయనక్కరలేదు; కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మిత్రులు మాత్రం ఆనపకాయ అనుకుని సొరకాయను తలచుకుంటారు. నేను చెబుతున్నది చిక్కుడు జాతి గింజ గురించి. సంక్రాంతి రోజుల్లో పచ్చి గింజలను నానబెట్టి, ఒక్కొక్కటిగా పొట్టు నుంచి పితికి, పితికిపప్పు వండుకుని సంగటితో తింటామే, ఆ గింజ. పలమనేరు వైపు పల్లెలో మా అవ్వ దాన్ని ఏటా వేరుశనగ చేనులో సాళ్ల మధ్య వేసేది. ఆమె తర్వాత ఆ విత్తనం తిరుపతిలో మా ఇంట్లో ఒక డబ్బాలో మిగిలింది. 2021 నవంబరులో ఈ ఊరిని ముంచెత్తిన వానలకు కింది గదిలోకి నీళ్లు వచ్చి, డబ్బాలోని గింజలన్నీ మొలకెత్తి కుళ్లిపోయాయి. అంగట్లో దొరికిన అనపలు వేసి చూశాను. ఆ వాసన, ఆ రుచి రాలేదు. రెండేళ్ల తర్వాత పుంగనూరు దగ్గరున్న మా చిన్నమ్మ ఇంటికి వెళ్లినప్పుడు పెరట్లో అదే తీగ కనిపించింది. ఆమె పెళ్లినాడు అవ్వ కొంగున కట్టి ఇచ్చిన గింజల సంతతి అది. మేము భద్రంగా దాచుకున్నది పోయింది, అవ్వ ఇచ్చేసింది మిగిలింది. ఆ రోజు నుంచి ఏ విత్తనమైనా కనీసం మూడిళ్లలో ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే గింజలు ఒక్కటే చేతిలో పెడితే పంచుకోవడం పూర్తికాదు. చిన్నమ్మ దగ్గర తెచ్చిన విత్తనాన్ని మా వీధిలో ఒక సోదరికి ఇచ్చాను కానీ, ఏ నెలలో వేయాలో చెప్పలేదు. ఆమె మాఘమాసంలో వేసింది. తీగ గోడంతా అల్లుకుంది, వేసవి దాటినా ఒక్క పూత లేదు. విత్తనం చెడ్డదనుకుని ఆమె తీగను పీకేసింది. తప్పు నాది. పాత అనప రకాలు పగటి పొద్దు తగ్గినప్పుడే పూతకు వస్తాయి. జూన్, జూలైలలో వేస్తే చలికాలంలో కాస్తాయి. అందువల్ల ఈరోజు మీరు ఇచ్చే ప్రతి పొట్లం మీద రకం పేరు, మీ ఊరు, గింజ కోసిన నెల, విత్తవలసిన కాలం తప్పకుండా రాయండి. అది సంకర విత్తనం నుంచి వచ్చిన మొక్క గింజ అయితే ఆ మాట కూడా రాయండి, ఎందుకంటే సంకర రకాల నుంచి తీసిన గింజ తల్లి మొక్క గుణాన్ని నిలకడగా చూపదు.

ఏ మొక్క గింజను నమ్మవచ్చో తెలుసుకోవడం కూడా అవసరం. అలసంద, చిక్కుడు, టమాట పూలు చాలావరకు తమ పుప్పొడితోనే కాయ కడతాయి కాబట్టి కొత్తవారు వీటితో మొదలుపెట్టడం మేలు. మిరప, బెండ, వంగ పూలపై తేనెటీగలు వాలి రకాలను కొంత కలిపేస్తాయి. తీగజాతులలో ఈ కలయిక మరీ ఎక్కువ. సొరపాదు విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. చేదు సొర పుప్పొడి సోకిన కాయలోని గింజను విత్తితే, తర్వాతి పంటలో చేదు కాయలు రావచ్చు. ఆ చేదు విషపూరితం, ప్రాణానికే ముప్పు తెస్తుంది. కాయను కోసిన వెంటనే చిన్న ముక్క నాలుకకు తగిలించి చూసి, చేదనిపిస్తే ఉమ్మేసి ఆ కాయను పారేయండి, ఆ పాదు నుంచి విత్తనం తీయకండి. విత్తనానికి ఉంచదలచిన సొర ఆడపువ్వును, అదే రకం మగపువ్వును సాయంత్రం విచ్చుకోకముందే పలుచని గుడ్డతో కట్టి, విచ్చుకున్నాక ఆ మగపువ్వును ఆడపువ్వుకు తాకించి, ఆడపువ్వును మళ్లీ కట్టేస్తే రకం చెడదు.

ఇక పరీక్ష. మన ఇళ్లలో పెళ్లికి ముందు పాలికలలో నవధాన్యాలు చల్లుతాం. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు పుట్టమన్ను తెచ్చి అంకురార్పణ చేస్తారు. శుభకార్యానికి ముందు గింజ మొలకను కళ్లారా చూసుకునే ఈ ఆచారంలో సేద్యగాడి జాగ్రత్త కూడా దాగి ఉందని నాకు అనిపిస్తుంది. ఆ పనినే ఈ వారం ఇంట్లో చేయండి. ఇరవై గింజలను తడి నూలు గుడ్డలో పరచి, చుట్టి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ వారం రోజులు ఉంచండి. వంగ, మిరపలకు మరో వారం ఓపిక పట్టండి. పదహారు మొలిస్తే నిశ్చింతగా విత్తవచ్చు. పది మొలిస్తే రెట్టింపు గింజలు వేయాలి. అంతకన్నా తగ్గితే ఆ విత్తనాన్ని ఎవరికీ ఇవ్వకండి, మొలిచిన కొద్ది మొక్కలనూ మీరే పెంచి కొత్త గింజ తీయండి.

నిల్వలో మనం చేసే పొరపాటు తడి ఆరని గింజను గాజు సీసాలో బిగించడం. లోపలి చెమ్మ బయటికి పోలేక గింజ ముక్కిపోతుంది. అలాగని మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కాలిన సిమెంటుపై పోస్తే లోపలి మొలక చచ్చిపోతుంది. ఉదయపు ఎండలో, తర్వాత నీడలో ఆరబెట్టి, కొరికితే పుటుక్కున విరిగే స్థితికి వచ్చాకే సీసాలో పోయాలి. పప్పుజాతి గింజలకు పట్టే పుచ్చు పురుగు చేనులోనే కాయ మీద గుడ్లు పెట్టి వస్తుంది కనుక సీసా మూత దాన్ని ఆపలేదు. కొద్దిగా ఆముదం పట్టించడం, జల్లించిన బూడిదలో కలిపి ఉంచడం మన పెద్దలు చేసిన పనులే, ఇవాళ్టికీ పనికొస్తాయి.

ఇలా పంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా అని కొందరు రైతులు అడిగారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి విత్తవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు. ఈ చట్టం కింద నమోదై రక్షణ పొందిన రకం విత్తనాన్ని బ్రాండ్ పేరుతో అమ్మకూడదన్నదే షరతు.

బల్లల మీద పొట్లాలు సిద్ధంగా ఉన్నాయి. తీసుకున్నవారు తమ పేరు, రకం పేరు పుస్తకంలో రాసి, సంక్రాంతి తర్వాత తీసుకున్నదానికి రెట్టింపు గింజలు తెచ్చి ఇవ్వాలని నా మనవి. పంట దక్కకపోతే ఏమైందో వచ్చి చెప్పినా చాలు, అది తర్వాతి వారికి ఉపయోగపడుతుంది. నా ముందున్న డబ్బాలో అవ్వ అనపలు ఉన్నాయి. ఒక్కొక్కరికి ఇరవై గింజల చొప్పున ముగ్గురికి సరిపోతాయి. జూలై దాటకముందే విత్తగలిగినవారు ముందుకు రండి.