ఆటలమ్మ పోసిన ఇంట్లో గర్భిణి ఉంటే

సభలోని పెద్దలకు, తల్లులకు నమస్కారం.

చెన్నైలో ఎండలు ముదిరే వేళ ఆటలమ్మ మొదలవుతుంది. పెరంబూరులోనైనా, టి.నగర్‌లోనైనా మన తెలుగు ఇళ్లలో గుమ్మానికి వేపమండ కడతారు. దానితో నాకు పేచీ లేదు. అది చూసి ఇరుగుపొరుగు లోపలికి రాకపోవడం మంచిదే. మందు మింగితే అమ్మవారికి కోపం వస్తుందని గర్భిణిని గదిలో ఉంచేస్తారే, నా బాధంతా దాని గురించే.

పిల్లల్లో వారం పదిరోజులకు తగ్గిపోయే ఈ జబ్బు గర్భిణిలో న్యుమోనియాగా మారి ప్రాణం మీదికి తేవచ్చు. తొలి పొక్కు కనిపించిన 24 గంటల్లోపు డాక్టరు సలహాతో ఎసైక్లోవిర్ అనే, వైరస్‌ను అణిచే మందు మొదలుపెడితే మేలు ఎక్కువ. తలకు నీళ్లు పోసేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది. ఆయాసం వచ్చిందా, అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయలుదేరండి. ముందు ఫోను చేసి చెప్పండి, మిగతా గర్భిణుల మధ్య కూర్చోబెట్టకుండా చూస్తారు.

తొలి 20 వారాల్లో సోకితే బిడ్డకు లోపాలు రావచ్చు, కానీ అది నూటికి ఒకరిద్దరిలోనే. ఆ భయంతో గర్భం తీయించుకోవాలని తొందరపడకండి. స్కానింగులో చూసి డాక్టరు చెబుతారు.

అసలు గండం కాన్పు దగ్గర. తల్లి ఒంట్లో యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడే రక్షణ కణికలు, తయారై మాయ ద్వారా బిడ్డకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు లేస్తే బిడ్డకు వైరస్ అందవచ్చు, రక్షణ మాత్రం అందదు. అందుకే వీలైతే పొక్కులు వచ్చాక కనీసం 7 రోజులు కాన్పును ఆపుతాం. పంతులుగారు పెట్టిన ముహూర్తానికే సిజేరియన్ చేయాలని దయచేసి పట్టుబట్టకండి. ఆటలమ్మ వచ్చినంత మాత్రాన సిజేరియన్ అవసరం కూడా లేదు. నొప్పులు ఆగకపోతే కాన్పు చేసి, బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, ఇస్తాం. తల్లి పాలు మాన్పించనక్కరలేదు.

సీమంతానికి వచ్చిన పిల్లవాడికి మర్నాడు పొక్కులు లేచాయనుకోండి. పొక్కులకు రెండు రోజుల ముందు నుంచే అది అంటుతుంది. గర్భిణికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందేమో ఆమె తల్లిని అడగండి. గుర్తులేకపోతే రక్తపరీక్ష ఉంది. రక్షణ లేదని తేలితే 10 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వవచ్చు. గర్భంతో ఉండగా టీకా వేయరు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు, ఆటలమ్మ రానివారు, రెండు డోసులూ ముందే వేయించుకుని, ఆ తర్వాత నెల రోజులు ఆగి గర్భం దాల్చాలి.