కరేపాకు చెట్టు మీద గంగమ్మ జాతర

(తెరపై: పెరట్లో కరేపాకు కొమ్మ. ఆకులు లేవు, కాడలు మాత్రం మిగిలాయి.)

చూశారా ఈ కొమ్మ? నిన్న సాయంత్రం దాకా దీనికి ఆకులున్నాయి. పొద్దున చారు తాలింపు పెడుతూ నాలుగు రెబ్బలు కోసుకు రమ్మంది మా అమ్మ. వచ్చి చూస్తే ఇదీ సంగతి. "పురుగు పట్టిందిరా, అంగడికి పోయి మందు తెచ్చి కొట్టు" అంది. నేను మందు తేలేదు, కెమెరా తెచ్చాను. దానికి పడిన తిట్లు ఈ వీడియోలో ఉండవు.

(తెరపై: లేత ఆకు మీద గుడ్డు, బాగా దగ్గరగా.)

ఇక్కడ, చిగురు అంచున చూడండి. ఆవగింజ కన్నా చిన్నది, లేత పసుపు రంగు, ముత్యంలా గుండ్రంగా ఉంది. గుడ్డు. పక్క ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టుందే, అది రెట్ట కాదు. నాలుగు రోజుల పిల్ల గొంగళిపురుగు. గోధుమరంగు ఒళ్ళు, మధ్యలో తెల్ల మరక. పిట్టలు తమ రెట్టను తామే తినవు కదా, ఆ ధైర్యంతో పట్టపగలు ఆకు మధ్యలోనే కూర్చుంటుంది. ఇంకాస్త పెరిగితే ఆకుపచ్చగా మారిపోతుంది. అప్పుడు వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికొస్తాయి, ఘాటు వాసనతో సహా. నేను తాకాను. ఆ వాసన చేతికి మధ్యాహ్నం దాకా ఉంది.

ఈ పురుగు పెద్దయితే సీతాకోకచిలుక. దీని పేరు కామన్ మార్మన్. పాపిలియో పాలిటిస్ అనేది శాస్త్రీయ నామం. కరేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు లాంటి చెట్లే దీని పిల్లలకి అన్నం. అంటే తిరుపతిలో పెరడున్న ప్రతి ఇంటికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు వచ్చిన చుట్టమే.

ఈ చుట్టం దగ్గర ఒక విశేషం ఉంది.

(తెరపై: మూడు ఆడ సీతాకోకచిలుకల ఫొటోలు పక్కపక్కన, పైన ఒక మగది.)

పైన ఉన్నది మగది. నల్లటి రెక్కలు, వెనక రెక్క మీద అడ్డంగా తెల్ల మచ్చల వరస. కింద ఉన్న మూడూ ఆడవి. మొదటిది అచ్చం మగదానిలాగే ఉంది. రెండోదానికి వెనక రెక్క మధ్యలో తెల్లటి పట్టీ, అంచున ఎర్ర చంద్రవంకలు. మూడోదానికి ముందు రెక్క మీద తెల్ల చారలు, వెనక రెక్కంతా కుంకుమ చుక్కలు. మూడు వేరే వేరే జాతులని మీరు పందెం కాసినా తప్పు పట్టను. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నా. ఒకే తల్లి గుడ్లలోంచి ఈ రకాలు రావచ్చు.

వేషాల గురించి తిరుపతి వాళ్ళకి నేను చెప్పాలా? మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం... రోజుకొకటి. మగాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని గుడికి పోతారు. ఈ సీతాకోకచిలుకల జాతరలో మాత్రం లెక్క తిరగబడుతుంది. వేషం కట్టేది ఆడవే. మగది ఏడాదంతా ఒకే చొక్కా.

మరి ఆ వేషం ఎవరిది?

(తెరపై: అలిపిరి మెట్ల దారి పక్కన పొదలు. ఒక తీగ మీద నల్లగా, ఎర్ర బొడిపెలతో గొంగళిపురుగు.)

దానికి కొండ వైపు రావాలి. ఈ తీగని ఈశ్వరి అంటారు. కొందరు ఈశ్వరవేరు అంటారు. పాముకాటుకి మందని దీని వేరు నూరి తాగించే అలవాటు పాతది. ఇక్కడ ఆగి ఒక మాట: తాగకండి, ఎవరికీ తాగించకండి. ఈ కుటుంబపు మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లాలు కిడ్నీలని పాడు చేస్తాయి, క్యాన్సర్ తెస్తాయి. ఇందులో సందేహమేమీ లేదు. పాము కరిస్తే నేరుగా ఆసుపత్రికే.

మనకి విషమైన ఆ ఆకునే క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ అనే రెండు సీతాకోకచిలుకల పిల్లలు తిని పెరుగుతాయి. ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. రెక్కలొచ్చాక కూడా అది ఒంట్లోనే ఉంటుంది. అందుకే వాటికి తొందరుండదు, ఊరేగింపులో దేవుడి పల్లకీలా నిదానంగా ఎగురుతాయి. ఒకసారి నోట్లో పెట్టుకున్న పిట్ట ఆ ఎరుపు నలుపు రంగుని మళ్ళీ ముట్టుకోదు.

మన కరేపాకు ఆడది కట్టింది వీటి వేషమే. దానికి విషం లేదు. కరేపాకు తిని పెరిగిన ఒళ్ళు, పిట్టకి కమ్మగానే ఉంటుంది. రంగు మాత్రం విషం ఉన్నదాని రంగు. ఎలా పోల్చుకోవాలో చెప్తా: రెక్కలు చూడకండి, ఒళ్ళు చూడండి. అసలుదాని ఒళ్ళు ఎర్రగా ఉంటుంది. వేషగత్తె రెక్కలకి రంగులన్నీ పూసుకుంది గానీ ఒంటికి పూసుకోవడం మరిచింది. నల్లగానే ఉంటుంది. ఈ చిట్కా తెలిశాక మా వీధిలో నేను ఎన్నిటిని పట్టేశానో!

(తెరపై: క్రోమోజోమ్ బొమ్మ. అందులో ఒక ముక్క తలకిందులుగా.)

ఇంత పెద్ద మార్పుకి ఎన్ని జన్యువులు కావాలి? చారకి ఒకటి, ఎరుపుకి ఒకటి, మచ్చ ఎక్కడుండాలో చెప్పేది ఇంకొకటి... ఇవన్నీ పక్కపక్కనే అతుక్కుని ఒక కట్టగా పిల్లలకి వెళ్తాయని చాలాకాలం నమ్మారు. ఆ కట్టకి సూపర్‌జీన్ అని పేరు పెట్టారు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్ అనే డాక్టరు ఫిలిప్ షెపర్డ్‌తో కలిసి ఈ మారువేషపు సీతాకోకచిలుకలని ఏళ్ళ తరబడి జత కట్టించి లెక్కలు రాశాడు. పగలు రోగులు, తీరిక దొరికితే సీతాకోకచిలుకలు. ఆయన సరదా అక్కడితో ఆగలేదు. మనుషుల ఆర్‌హెచ్ రక్తం గ్రూపు వారసత్వం కూడా ఇలాంటి కట్టలాగే ఉందే అని అటు మళ్ళాడు. ఆ దారి వెంట పోయి 1960ల్లో నెగెటివ్ గ్రూపు తల్లులకి, కడుపులో బిడ్డకి ముప్పు రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ తేవడంలో పెద్ద చెయ్యి ఆయన బృందానిదే. మీ ఇంట్లో ఎవరికైనా ఆ ఇంజెక్షన్ వేసి ఉంటే, దాని వెనక సీతాకోకచిలుకల పంజరం ఒకటుంది. "పురుగుల మీద పరిశోధనకి డబ్బులెందుకు" అనేవాళ్ళకి నేనెప్పుడూ ఈ కథే చెప్తా.

కట్ట సంగతి 2014లో తేలింది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కి చెందిన కృష్ణమేఘ్ కుంటే అనే శాస్త్రవేత్త, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి, ఈ కామన్ మార్మన్ జీనోంలోనే, అంటే దాని మొత్తం డీఎన్ఏలోనే, వెతికితే దొరికింది కట్ట కాదు, ఒకే ఒక్క జన్యువు. దాని పేరు డబుల్‌సెక్స్. పురుగుల ఒళ్ళు మగదిగా రూపు దిద్దుకోవాలా, ఆడదిగానా అని చూసుకునే పాత జన్యువు అది. దానికే పరిణామం రెండో ఉద్యోగం ఇచ్చింది. ఆడ మగ తేడా ముందే తెలిసిన జన్యువు కాబట్టి "ఆడదైతేనే వేషం" అనే షరతు పెట్టడం దానికి చేతనైన పని.

వేషం కట్టించే రూపంలో ఈ జన్యువున్న ముక్క, సుమారు 1,30,000 డీఎన్ఏ అక్షరాలు, తిరగబడి ఉంది. పుస్తకం కుట్టేవాడు కొన్ని పేజీలు తలకిందులుగా పెట్టి కుట్టేస్తే ఎలా ఉంటుందో అలా. తిరగబడింది కాబట్టి మామూలు రూపంతో అది కలగలిసిపోదు. వేషం సగంలో చెడిపోకుండా ఉంటుంది. ఆడదానికి ఆ తిరగబడ్డ రూపం ఒక్కటుంటే చాలు, వేషం వచ్చేస్తుంది. మగదానిలో రెండున్నా పైకి కనిపించదు.

2015లో జపాన్ వాళ్ళు ఒక చక్కటి పని చేశారు. ప్యూపాగా, అంటే గొంగళికీ రెక్కలకీ మధ్య కదలని దశలో, ఉన్న ఆడదాని రెక్క మీద ఒకచోట మాత్రం ఈ జన్యువు నోరు నొక్కేశారు. రెక్క విప్పుకున్నాక చూస్తే ఆ మేరకు వేషం పోయి, మామూలు నలుపు తెలుపు బయటపడింది. నాటకం మధ్యలో చెమటకి మొహం మీద రంగు ఒకపక్క కరిగిపోయినట్టు!

(తెరపై: రాత్రి దీపం చుట్టూ చిమ్మటలు.)

చిమ్మటల గురించి ఒక్క నిమిషం, లేకపోతే అలుగుతాయి. సీతాకోకచిలుక అంటే వేరే వంశం కాదు, పగలు తిరగడం మొదలుపెట్టిన చిమ్మటే. సుమారు 2,300 జాతుల నుంచి 391 జన్యువులు పోల్చి చూసిన 2023 అధ్యయనం, అవి 10 కోట్ల ఏళ్ళ కిందట అమెరికా ఖండాల్లో పుట్టాయని తేల్చింది. మొదటి పిల్లలకి తిండి చిక్కుడు జాతి మొక్కలట. ఆ తర్వాత ఏడాది 210 జాతుల క్రోమోజోములు పక్కపక్కన పెట్టి చూస్తే, వీటన్నిటి పూర్వీకుడి నాటి 32 ముక్కలు ఇప్పటికీ చాలావాటిలో చెక్కు చెదరకుండా ఉన్నాయి. పలమనేరు, కుప్పం వైపు రైతులు మల్బరీ వేసి పెంచే పట్టుపురుగు జీనోం అన్నిటికన్నా ముందే, 2004లోనే చదివేశారు. డబ్బు తెచ్చే పురుగు కదా. వేల ఏళ్ళ పెంపకంలో దానికి ఎగరడమే రాకుండా పోయింది.

అన్నట్టు, శీతాకాలం ముందు గుంపులుగా కదిలే నీలి చారల సీతాకోకచిలుకలు చూసి ఉంటారు, బ్లూ టైగర్లు. వాటి ప్రజాతి పేరు, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాట, తిరుమల. నిజంగానే. తిరుమల లిమ్నియాసి. ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రవేత్త 1880లో పెట్టిన పేరు. మన ఊరి వాళ్ళకే ఇది తెలియదు, నాకు అదే బాధ.

(తెరపై: ఊరి చివర చదును చేసిన వెంచరు, తెల్ల రాళ్ళు.)

ఇప్పుడు అసలు విషయానికి. నకిలీ నోటు చెల్లాలంటే ఊళ్ళో అసలు నోట్లు ఎక్కువ ఉండాలి. విషం ఉన్న రోజ్‌లు తగ్గిపోతే, పిట్టలకి మొదట తగిలేది వేషగత్తే. ఒకటి తిన్నాయంటే ఎరుపంటే భయం పోతుంది. ఇది ఊహ కాదు. జపాన్‌లోని మియాకో దీవిలోకి కామన్ రోజ్ కొత్తగా వచ్చి స్థిరపడిన కొన్ని దశాబ్దాల్లోనే అక్కడి మార్మన్ ఆడవాటిలో వేషం కట్టినవాటి వాటా పెరిగింది. అసలు వచ్చింది, నకలు చెల్లింది.

అంటే మా అమ్మ పెరట్లో ఉన్న సీతాకోకచిలుక బతుకు కరేపాకుతో అయిపోదు. కొండ మీద ఈశ్వరి తీగ ఉండాలి, దాన్ని తినే రోజ్‌లు ఉండాలి, వాటిని తిని కక్కిన పిట్టలుండాలి. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయింది, 4,755 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం గురించి అందరం మాట్లాడతాం. 2014 మార్చిలో కొండ అంటుకుంటే హెలికాప్టర్లు తెచ్చి ఆర్పాల్సి వచ్చింది. తీగ గురించి ఎవరు మాట్లాడతారు? ఊరి చివర కంచెల మీద పాకేది ఎప్పుడూ "పిచ్చి తీగ" కిందే లెక్క, జేసీబీకి మొదటి ముద్ద.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జెర్సిస్ బ్లూ అని ఒక సీతాకోకచిలుక ఉండేది. ఇసుక దిబ్బల మీద బతికేది. దిబ్బలని చదును చేసి ఇళ్ళు కట్టారు. 1940ల మొదట్లో చివరిసారి కనిపించింది. మ్యూజియంలో 93 ఏళ్ళుగా ఉన్న ఒక నమూనా నుంచి డీఎన్ఏ తీసి చదివితే, అది ప్రత్యేక జాతేనని 2021లో రుజువైంది. రుజువు దొరికింది, సీతాకోకచిలుక లేదు. మన వెంచర్ల రాళ్ళు చూసినప్పుడల్లా నాకు ఆ దిబ్బలు గుర్తొస్తాయి.

"సీతాకోకచిలుకల పార్కు" అని పూలమొక్కలు మాత్రం నాటే వాళ్ళతో నాకో పేచీ ఉంది. పూలు పెట్టడమంటే హోటలు పెట్టడం. పిల్లలకి తిండి మొక్క లేకపోతే కాన్పుకి పుట్టిల్లు లేనట్టే. స్థలం ఉంటే కంచెకి ఒక ఈశ్వరి తీగ పాకించండి, చిన్న పిల్లలు నోట్లో పెట్టుకోనంత దూరంలో. కరేపాకుకి మందు కొట్టకండి. ఆ ఆకు పోయేది మన చారులోకే కదా. మా ఇంట్లో రాజీ ఏమిటంటే, కింది కొమ్మలు పురుగులవి, పై కొమ్మలు అమ్మవి.

(తెరపై: వల కప్పిన డబ్బాలో పుల్లకి వేలాడుతున్న ప్యూపా.)

ఆ పురుగుల్లో ఒకదాన్ని డబ్బాలో పెట్టి, రోజూ ఆకు వేశాను. తాటిచెట్టు ఎక్కినవాడు మోకు బిగించి వెనక్కి వాలినట్టు, నడుముకి ఒక పోగు చుట్టుకుని ఇలా ప్యూపా అయింది. పది రోజులు. ఏ వేషంలో వస్తుందోనని అమ్మ కూడా రోజూ పొద్దున తొంగి చూసింది, నన్ను తిట్టడం మానకుండానే.

ఇవాళ ఏడింటికి బయటికొచ్చింది. చుక్కల్లేవు, ఎరుపు లేదు. నల్ల రెక్కలు, తెల్ల మచ్చల వరస.

"ఇంతేనా?" అంది అమ్మ.

ఇంతే. మగది కావచ్చు. వేషం కట్టని ఆడదీ కావచ్చు. మగదే అయితే ఆ తిరగబడ్డ పేజీలు లోపల మడిచి పెట్టుకుని, కూతుళ్ళకి ఇవ్వడానికి పోతూ ఉండొచ్చు. పొట్ట చివర సరిగ్గా చూస్తే ఆడా మగా తెలిసేది, కానీ అది ఆగలేదు. రెక్కలు ఆరగానే గోడ దాటేసింది.

అమ్మ దాన్ని చూడట్లేదు. పై కొమ్మ చిగురు వంచి పట్టుకుంది.

"రేయ్, ఇవి ఆ గుడ్లేనా?"

అవే. మూడున్నాయి.