చిన్న రైలుకి ఊరు కట్టడం

పెద్దలకు నమస్కారం. పిల్లలు కూడా బాగానే వచ్చారు, సంతోషం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మన పర్లాకిమిడి. ఇక్కడ మైకు పట్టుకుని గ్రాంథికం మాట్లాడితే ఏం బాగుంటుంది? ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాను.

ఈ బల్ల మీద ఉన్నది ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ చెక్క. దాని మీద మన చిన్న రైలు నమూనా. వచ్చినవాళ్ళందరూ ముందు ఇంజన్ దగ్గరే ఆగిపోతున్నారు. నిజం చెప్పాలంటే దానికి నేను పడ్డ కష్టం కొంచెమే. మూడేళ్ళు పట్టింది దాని చుట్టూ ఉన్న నేలకి. ఆ నేల సంగతే చెబుదామని వచ్చాను.

ఆ రైలు ఎక్కని పిల్లల కోసం ఒక్క ముక్క. నౌపడా నుంచి మన ఊరికి ఈ లైను రాజావారు వేయించారు, 1900లో రైలు నడిచింది. 1931 కల్లా గుణుపురం చేరింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. 2004లో ఆ బండి ఆపేసి పెద్ద లైను వేశారు.

ఇప్పుడు కాస్త లెక్క. హెచ్.ఓ. అనే స్కేలులో ప్రతిదాన్నీ 87వ వంతుకి తగ్గిస్తారు. 762ని 87తో భాగించండి, 8.76 వస్తుంది. ఎన్ స్కేలు అని ఇంకా చిన్నది ఒకటుంది, దాని పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. అంటే ఆ చిన్న పట్టాలు కొనుక్కుని, వాటి మీద హెచ్.ఓ. స్కేలు పెట్టెలు నడిపితే మన నేరో గేజ్, అదే మన చిన్న లైను, అచ్చుగుద్దినట్టు దిగుతుంది. ఒకటే తంటా, స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే చెక్కలు, మరీ చిన్నవి, మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి. నేను వాటిని సగానికి పైగా మట్టిలో కప్పేశాను. ఎవరూ కనిపెట్టలేదు, ఇప్పుడు నేనే చెప్పేశాను.

అదే లెక్క ఊరికి కట్టి చూడండి. నౌపడా నుంచి గుణుపురం 90 కిలోమీటర్లు. 87వ వంతుకి తగ్గించినా కిలోమీటరు దాటుతుంది. మహేంద్రగిరి కొండ ఎత్తు 1501 మీటర్లు, అదీ తగ్గిస్తే 17 మీటర్లు. ఈ హాలు కప్పు లేపుకుని పైకి పోతుంది. కాబట్టి వదులుకోవడం నేర్చుకోవాలి. నేను పాతపట్నం వైపు నుంచి వస్తుంటే కనిపించే మహేంద్రతనయ ఏటి ఒడ్డు ఒక్కటే ఉంచుకున్నాను. మహేంద్రగిరిని వెనక అట్ట మీద రంగుతో వేశాను. దూరం కొండకి ఆకాశం రంగు, తెలుపు ఎక్కువ కలపాలి. దగ్గరికి వచ్చేకొద్దీ ఆకుపచ్చ కొద్దికొద్దిగా పెంచాలి. ట్యూబులోంచి తీసిన నీలం తీసినట్టే పూస్తే కొండ మీద పడేటట్టు ఉంటుంది.

ముందున్న చిన్న గుట్ట మాత్రం థర్మాకోల్. పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, చాకుతో చెక్కాను. బాగా వచ్చింది. ఆ సంబరంలో రంగుల షాపు నుంచి స్ప్రే డబ్బా తెచ్చి కొట్టాను. టీ తాగి వచ్చేసరికి గుట్ట లేదు. ఆ స్ప్రేలో ఉండే సాల్వెంటు థర్మాకోల్‌ని తినేస్తుంది. మా ఆవిడ వచ్చి "కొండేదండీ?" అంది. ఏం చెప్పను? రెండోసారి న్యూస్‌పేపరు ముక్కలు ఫెవికాల్ నీళ్ళలో ముంచి థర్మాకోల్ మీద పొరలుగా అంటించి, ఆ పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పూసి, నీళ్ళలో కలిసే గోడరంగు వేశాను. ఆ గుట్టే ఇది.

ఇక మట్టి. బజార్లో దొరికే గడ్డి ప్యాకెట్లు చూశారా? ఆ పచ్చదనం మనది కాదు, ఏ చలిదేశానిదో. మన దగ్గర వైశాఖంలో గట్లన్నీ ఎర్రగా, దుమ్ముగా ఉంటాయి. అందుకే పొలం గట్టు మట్టే తెచ్చాను. పెనం మీద వేయించాలి, లేకపోతే పురుగు పడుతుంది. టీ వడకట్టే జల్లెడలో ఒకసారి, పాత నైలాన్ గుడ్డలో ఒకసారి జల్లించాలి. తరవాత అయస్కాంతం తిప్పాలి. నేను పాడైన స్పీకరుదే వాడాను. ఇనుప రజను మిగిలిపోతే బుల్లి ఇంజన్ మోటారులోకి చేరి దాని ప్రాణం తీస్తుంది.

అంటించడంలో ఒక కిటుకు ఉంది. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వెయ్యాలి. అది లేకపోతే జిగురు చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడి, మట్టిని కూడా చుట్టుకుని దొర్లిపోతుంది. అది ఉంటే ఇట్టే ఇంకిపోతుంది. చెవి మందు సీసా డ్రాపరు దీనికి భలే పనికొస్తుంది. జిగురు పట్టాక మట్టి రంగు ముదురుతుంది. అందుకని ముందే కొంచెం సుద్దపొడి కలుపుతాను.

తాడిచెట్లు చెప్పకపోతే మీరు ఊరుకోరు. 15 మీటర్ల తాడి ఇక్కడ 17 సెంటీమీటర్లు. మాను పెన్సిలే, చాకుతో గీకి గరుకు చేశాను. ఆకుకి కాగితాన్ని విసనకర్రలా మడతపెట్టి, బొటనవేలి గోరంత కత్తిరించాలి. చెట్టుకి ముప్పై ఆకులు. మొదటి చెట్టు చూపిస్తే మా వీధిలో కల్లు గీసే తాత "బాబూ, ఇది తాడా, గొడుగా?" అన్నాడు. తప్పెక్కడో తెలియడానికి నాకు వారం పట్టింది. పచ్చాకుల కింద మాను వెంబడి వేలాడే ఎండుమట్టలు వెయ్యలేదు. గోధుమరంగు మట్టలు నాలుగు వేలాడదీసి మళ్ళీ చూపించాను. తాత ఏమీ అనలేదు, పైనుంచి కిందకి ఓసారి చూసి తలూపాడు.

పదకొండు చెట్లు చేశాను, ఏడే పాతాను. మిగతా జాగా ఖాళీగా వదిలేశాను. చాలామంది ఖాళీ కనబడితే చాలు, ఒక గుడో, ఆవో, బస్సో పెట్టేస్తారు. అది సంతలా ఉంటుంది. మనం కిటికీలోంచి చూసిందంతా ఖాళీ పొలమేగా.

ఏరు కూడా అంతే, వేసవి ఏరు. జల్లించిన ఇసుక, మధ్యలో ఒక్క నీటిమడుగు. మడుక్కి అడుగున ముదురు రంగు వేసి, పైన వార్నిషు పల్చగా పూతల మీద పూతలు. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరనివ్వాలి.

ఇప్పుడు వరసగా వచ్చి చూడండి. పైనుంచి కాదు, కాస్త వంగి కళ్ళు పట్టాల ఎత్తుకి తెచ్చి చూడండి. పిల్లలూ, చేతులు వెనక్కి కట్టుకోండి. మడుగు మీద ఆఖరి పూత నిన్న రాత్రే వేశాను, ఇంకా ఆరలేదు.