డెబ్ ఫైల్‌కి పాస్‌వర్డ్ కొట్టేముందు

నమస్తే అండీ. అనంతపురంలో లైనక్స్ వాడే కాలేజీ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇది: "ఆప్ట్‌తో వేసుకుందామా, ఫ్లాట్‌ప్యాకా? ఫ్లాట్‌ప్యాక్ చిన్న యాప్‌కి కూడా వందల ఎంబీ లాగుతుంది కదన్నా?" ఆప్ట్ అంటే డెబియన్, ఉబుంటుల్లో డెబ్ ఫైళ్ల రూపంలో యాప్‌లు వేసే పద్ధతి. ఫ్లాట్‌ప్యాక్ అంటే యాప్‌ని సిస్టమ్‌తో కలపకుండా విడిగా వేసి నడిపే పద్ధతి.

హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లకు అది నిజంగా భారమే. మొదటిసారి యాప్‌తో పాటు రన్‌టైమ్ (యాప్‌లకు కావాల్సిన ఉమ్మడి లైబ్రరీల మూట) కూడా దిగుతుంది. రెండో యాప్‌కి అదే రన్‌టైమ్ సరిపోతే మళ్లీ దిగదు. సైజు సంగతి అంతే.

అసలు అడగాల్సింది వేరే ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇంటి తాళాలు ఎవరి చేతికిస్తున్నాం? డెబ్ ఫైల్లో యాప్‌తో పాటు పోస్ట్‌ఇన్‌స్ట్ (ఇన్‌స్టాల్ చివర్లో నడిచేది) లాంటి స్క్రిప్టులు ఉండొచ్చు. అవి రూట్‌గా, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతో నడుస్తాయి. మీరు పాస్‌వర్డ్ కొట్టాక ఆ స్క్రిప్ట్ ఏ ఫైలైనా మార్చగలదు, అడక్కుండా కొత్త రెపాజిటరీ (ప్యాకేజీలు దిగే చోటు) చేర్చగలదు.

డెబియన్, ఉబుంటు రెపాజిటరీల నుంచి వస్తే సరే. సంతకం ఉంటుంది, వెనక ప్యాకేజీలు చూసుకునే మెయింటెయినర్లు ఉంటారు. 1993లో మొదలైన డెబియన్ ఇన్నేళ్లు నిలబడింది వాళ్ల వల్లే. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, అది ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఒక్కటి అప్‌డేట్ చేసి, సర్వీసులు రీస్టార్ట్ చేస్తే దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నిటికీ ఆ రంధ్రం మూసుకుపోయింది. అందుకే సిస్టమ్‌కి ఆప్టే ఉండాలంటాను. ఏదో సైట్లో దొరికిన డెబ్‌ని డబుల్ క్లిక్ చేయడం మాత్రం దయచేసి మానేయండి.

అలా బయట నుంచి తెచ్చుకునేవాటికి ఫ్లాట్‌ప్యాక్ మేలు. అక్కడ యాప్ తెచ్చిన స్క్రిప్ట్ రూట్‌గా నడవదు. నడిచేటప్పుడు కూడా బబుల్‌ర్యాప్ అనే టూల్ యాప్‌ని గిరి గీసి కూర్చోబెడుతుంది. అయితే కళ్లు మూసుకుని నమ్మొద్దు! కొన్ని యాప్‌లు హోమ్ ఫోల్డర్ మొత్తం అడుగుతాయి. అది ఇచ్చేస్తే మీ ఫైళ్లకు ఆ గిరి ఉన్నా లేనట్టే. యాప్ లోపల కట్టేసిన లైబ్రరీలో లోపం వస్తే, ఆ యాప్ కట్టినవాళ్లే సరిచేయాలి.

ఉబుంటువాళ్ల సొంత ప్యాకేజీ పద్ధతి స్నాప్ గురించి ఒక్క మాట. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వచ్చింది, ఆప్ట్‌తో వేసినా స్నాపే దిగింది. ఎంచుకునే హక్కు మనది, దాన్ని అలా లాగేసుకోవడం నాకు నచ్చలేదు.

కడప, కర్నూలులో జిరాక్స్, డీటీపీ షాపులు నడిపేవాళ్లు మాత్రం ఇది ఈరోజే చేయండి. ఎవరెవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చే పీడీఎఫ్‌లు తెరవడానికి ఫ్లాట్‌ప్యాక్ రీడర్ పెట్టుకోండి. ఫ్లాట్‌ప్యాక్ అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్‌ యాప్‌లో దానికి నెట్‌వర్క్, హోమ్ ఫోల్డర్ అనుమతులు ఆపేయండి. ఓపెన్ డైలాగ్‌లో మీరు ఎంచుకున్న ఫైల్‌ని మాత్రం పోర్టల్ అనే మధ్యవర్తి ఆ రీడర్‌కి అందిస్తుంది. పీడీఎఫ్ చదవడానికి అంతకు మించి అక్కర్లేదు.