అప్లికేషన్ మా అక్క రాసిందండి

అందరికీ నమస్కారం అండి. ఫోన్ చేసినప్పుడు ఏదో హెచ్ఆర్ గురించి మాట్లాడాలన్నారు, తీరా వచ్చి చూస్తే బ్యానర్ మీద "చేతిరాతా, సైకోమెట్రిక్ టెస్టా" అని ఉంది, అంటే ఉద్యోగంలోకి తీసుకునే మనిషిని రాత చూసి ఎంచాలా, తెలివీ స్వభావం కొలిచే ప్రశ్నల పరీక్ష పెట్టి ఎంచాలా అని. తలరాత జోకు నేను వెయ్యను, నా ముందు మాట్లాడిన పెద్దాయన ఆల్రెడీ వేసేశారు. ఈ భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీదకీ ప్లాంట్లలోకీ మనుషుల్ని చూసి పెట్టడమే పద్దెనిమిదేళ్లుగా నా పని, అంచేత చదివిందీ నాకు జరిగిందీ కలిపి చెప్పేస్తాను.

ముందు నా పరువు పోయిన సంగతి. ఒక కంపెనీలో చేసేటప్పుడు, పేరు వద్దులెండి, ఓనరు గారికి గ్రాఫాలజీ ఆయనెవరో తగిలాడు. అప్లికేషన్ చేత్తో రాయించండి, రాత చూసి మనిషిని చెప్పేస్తాను అన్నాడు. చెరువు సూపర్‌వైజర్ పోస్టుకి పదకొండు కాగితాలు పంపితే, పాలకొల్లు అవతలి కుర్రాడొకడి మీద రెండు పేజీల రిపోర్ట్ వచ్చింది, ఓర్పు ఎక్కువ, లెక్కల్లో జాగ్రత్త, మాట మీద నిలబడతాడు, కళ్లు మూసుకుని తీసుకోండి అని. తీసుకున్నాం. నెల తిరక్కుండా మేత రిజిస్టర్ తిరగేస్తే కోడి కెలికినట్టుంది, ఏడో ఒకటో తెలీట్లేదు. ఏంట్రా ఇది అంటే తల గోక్కుంటా "ఆ అప్లికేషన్ మా అక్క రాసిందండి, నా రాత బాగోదని" అన్నాడు. అంటే డబ్బులిచ్చి మరీ వాళ్లక్క మీద రిపోర్ట్ తెప్పించుకున్నాం అన్నమాట. ఆవిడకి ఓర్పు ఉందేమో మరి, నేనెప్పుడూ కలవలేదు.

ఆ దెబ్బతో ఇదేంటో చూద్దామని కూర్చున్నా. గ్రాఫాలజీ అన్న పేరు 1870ల్లో ఫ్రాన్సులో మిషోన్ అనే చర్చి ఫాదర్ గారు పెట్టింది. సూత్రాలు చాలావరకు ఇంగ్లీష్, ఫ్రెంచ్ లాంటి అక్షరాల మీద కట్టినవే, 'టీ' మీద గీత ఎంత పైకి ఉంది, 'ఐ' మీద చుక్క ఎక్కడ పడింది, 'వై' తోక ఎంత కిందకి లాగాడు, ఇలా. మరి మన తెలుగులో ఏం చూస్తారండి? తలకట్టు పెద్దగా పెడితే పొగరా, ఒత్తులు కిందకి దిగలాగితే డబ్బు యావా, వట్రసుడి బాగా తిప్పితే మాట తిప్పేరకమా? మనవన్నీ గుండ్రటి అక్షరాలే, ఆ లెక్కన రెండు జిల్లాల వాళ్లదీ ఒకటే క్యారెక్టర్ అవ్వాలి.

ఇక్కడొకటి కలిపెయ్యకండి. కోర్టులో ఈ సంతకం ఫలానా ఆయనదేనా అని చూసే నిపుణులు వేరు. వాళ్లు ఎవరు రాశారన్నది చూస్తారు, రాసినవాడు ఎలాంటోడో చెప్పరు.

సరే, పరీక్ష పెట్టినవాళ్లేమన్నారు? 1989లో నెటెర్, బెన్-షఖర్ అనే ఇద్దరు అప్పటిదాకా ఉద్యోగాల ఎంపిక మీద జరిగిన 17 స్టడీలు కలిపి చూశారు. అభ్యర్థి తన గురించి తను రాసుకున్న కాగితమైతే గ్రాఫాలజిస్టులు కొంత చెప్పగలిగారు, కానీ గ్రాఫాలజీ ఓనమాలు తెలియనివాళ్లకి అదే కాగితమిస్తే వాళ్లూ అంతే చెప్పారు, ఒక్కోచోట ఇంకా బాగా చెప్పారు. అంటే మనిషి ఏం రాశాడో చదువుకుని చెప్తున్నారు, అక్షరం వంకరలో ఏం లేదు.

మరి రిపోర్ట్ అచ్చు గుద్దినట్టు ఎలా ఉంటుందంటారా? 1948లో అమెరికాలో ఫోరర్ అనే మాస్టారు 39 మంది స్టూడెంట్లకి టెస్ట్ పెట్టి, ఇది నీ ఒక్కడి రిపోర్ట్ అని చెప్పి అందరికీ ఒకటే కాగితం ఇచ్చాడు, అందులో వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. ఎంత కరెక్టో మార్కులెయ్యమంటే 5కి సగటున 4.26 వేశారు. "బయటికి ధైర్యంగా ఉంటారు, లోపల మథనపడతారు" అంటే ఈ హాల్లో కాదనేవాళ్లు ఎవరండి?

అయితే మా తాతగారి రోజుల్లో రైస్ మిల్లులో గుమాస్తాని పెట్టుకోవాలంటే దస్తూరీ చూసేవారు. అది తప్పంటారా? నేననను. చిట్టా, ఆవర్జా లాంటి లెక్కల పుస్తకాలు రాయడమే అతని పని, ఆ రాత పదేళ్ల తర్వాత ఇంకొకడు చదవాలి, అంచేత అక్కడ దస్తూరీ అంటే పనే. గుణం కోసం కాదు చూసింది.

ఇప్పుడు సైకోమెట్రిక్. పేరు కొత్తగా ఉందేగానీ మీ పిల్లలు బ్యాంకు పరీక్షలకి రాసే రీజనింగూ ఆ జాతిదే. 1998లో ష్మిట్, హంటర్ 85 ఏళ్ల రీసెర్చ్ పోగేసి, ఎంపిక పద్ధతికీ తర్వాత పనితనానికీ పొంతన ఎంతో లెక్కకట్టారు, పూర్తిగా కుదిరితే 1, అసలు లేకపోతే సున్నా. తెలివి టెస్టులకి 0.51, చేతిరాతకి 0.02. అదిగో అని ఎగరకండి, ఆ పాత లెక్కలో సర్దుబాట్లు ఎక్కువ చేశారని 2022లో సాకెట్ అనే ఆయన బృందం మళ్లీ లెక్కేస్తే తెలివి టెస్ట్ 0.31కి దిగింది, అందర్నీ ఒకే ప్రశ్నలడిగి మార్కులేసే ఇంటర్వ్యూ 0.42తో పైకొచ్చింది. ఊరికే కూర్చోబెట్టి కబుర్లాడే ఇంటర్వ్యూకి 0.19. మనమంతా చేసేది ఆ మూడోదే, మీ ఊరేది, మీ నాన్నగారేం చేస్తారు, ఇంటిపేరేంటి.

టెస్టుల్లోనూ బోల్డు తిరకాసుంది. మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే మయర్స్-బ్రిగ్స్ టెస్ట్ ఉద్యోగాల ఎంపికకి వాడొద్దని అమ్మే కంపెనీవాళ్లే చెప్తారు, అయినా మనవాళ్లు వాడేస్తారు. నేనూ ఓసారి ఆన్‌లైన్ టెస్ట్ కొన్నాను, ఇంగ్లీష్‌లో ఉంటే, చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ చప్పుడు విని ఏది ఆగబోతోందో చెప్పగలిగే మనిషి ఫెయిలయ్యాడు, ఇంట్లో లాప్‌టాప్ ముందు బావగార్ని పక్కన కూర్చోబెట్టుకున్నవాడు ఫస్టొచ్చాడు. అక్క పోయి బావ వచ్చాడు, అంతే తేడా. అమెరికాలో 1971లోనే గ్రిగ్స్ కేసులో సుప్రీం కోర్టు అడిగింది ఇదే, పనితో సంబంధం లేని టెస్ట్ పెట్టి మనుషుల్ని ఎలా ఆపుతారని. మన దగ్గర అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, పొద్దున్నే నలుగుర్నీ చెరువు గట్టు మీదకి తీసుకెళ్తాను. మేతేసిన రెండు గంటలకి రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లేపి, ఏం కనిపిస్తోంది, ఏం చేస్తావ్ అంటాను, అందరికీ అవే ప్రశ్నలు, ఒకటే మార్కుల షీటు. మొన్నొకడు మేత మిగిలిందండి, తగ్గిస్తాను అన్నాడు, బానే ఉంది. ఇంకొకడు ట్రేలో ఉన్న రొయ్య ఒకటి తీసి వెలుతురుకి పెట్టి పేగు నిండిందా లేదా చూసి, రాత్రి ఆక్సిజన్ ఎంతుంది, అమావాస్య దగ్గరపడింది మోల్టింగ్‌లో, అదే పెంకు విడిచే దశలో ఉన్నాయేమో, అది చూసి అప్పుడు మేత సంగతి చెప్తాను అన్నాడు. మూడోవాడు ట్రేని ఫోటో తీసి ఎవరికో వాట్సాప్ పెట్టాడు. నాలుగోవాడు బూట్లు తడుస్తాయని గట్టు దిగలేదు.

రెండోవాడి రాత ఎలా ఉంటుందో నాకు తెలీదు, మేత లెక్కలు ఫోన్‌లోనే కొట్టి పంపుతాడు.

ప్రశ్నలుంటే అడగండి. కాగితం మీద సంతకం పెట్టి, చూసి చెప్పమని మాత్రం పైకి పంపకండి, మాట్లాడుతుండగానే రెండొచ్చాయి.